నడినెత్తి నక్షత్రం చాటున మహాగ్రహం: దాని సైజు, బరువు, వేడి మీరే లెక్కగట్టండి

అక్టోబరు మధ్యలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక వరంగల్‌లో ఏ డాబా అయినా ఎక్కి, తల పూర్తిగా వెనక్కి వంచి చూడండి. మీ చూపు ఆగిన చోటికి ఒక డిగ్రీ దూరంలో హెచ్‌డి 209458 అనే నక్షత్రం ఉంటుంది. మంచిర్యాలలో అయితే దాదాపు సరిగ్గా నడినెత్తి మీదే. కంటికి మాత్రం ఆనదు. దాని మాగ్నిట్యూడ్ (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గే కొలత) 7.65, చీకటి రాత్రి కూడా మన కంటి హద్దు 6 దగ్గరే ఆగిపోతుంది. బైనాక్యులర్ పెడితే దొరుకుతుంది. అక్కడి నుంచి వెలుగు రావడానికి సుమారు 157 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు మన కంట్లో పడే వెలుగు బయల్దేరేనాటికి హైదరాబాదుకు కూడా రైలు రాలేదు.

ఆ నక్షత్రం చుట్టూ ఒక మహాగ్రహం మూడున్నర రోజులకోసారి తిరుగుతోంది. పేరు హెచ్‌డి 209458 బి. దాని వ్యాసార్థం, ద్రవ్యరాశి, సాంద్రత, వేడి, గాలి పొర మందం అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అంత దూరంలోని గ్రహం బరువు ఎలా తూచారని పిల్లలు అడిగితే మాత్రం చాలామంది టీచర్లు "పెద్ద టెలిస్కోపులతో" అని దాటేస్తారు. ఆ గ్రహాన్ని విడిగా, ఒక చుక్కగానైనా ఫొటో తీసినవాళ్లు లేరు. దాని గురించి మనకున్న దాదాపు ప్రతి అంకెనూ నక్షత్రం వెలుగులోంచి పిండుకున్నదే. అందుకే ఈ పనిలో మొదట జాగ్రత్తగా చూడాల్సింది గ్రహాన్ని కాదు, నక్షత్రాన్ని. అక్కడ అంకె జారితే కింద ప్రతి మెట్టులోనూ జారుతుంది.

ఇంటర్ ఫిజిక్స్ వచ్చి, ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే లెక్కలన్నీ చేయొచ్చు. ఫొటోలు తీసే భాగానికి కెమెరా, ఓపిక కావాలి. అవి లేనివాళ్లు రెండో మెట్టు చదివి వదిలేసి మూడో మెట్టు నుంచి లెక్కలు మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: నక్షత్రం జాతకం రాసుకోండి

నోటుబుక్కులో ముందుగా ఈ మూడు అంకెలు రాసుకోండి.

నక్షత్రం ద్రవ్యరాశి: సూర్యుడికి 1.12 రెట్లు
నక్షత్రం వ్యాసార్థం: సూర్యుడికి 1.155 రెట్లు
ఉపరితల ఉష్ణోగ్రత: 6,065 కెల్విన్

సూర్యుడి ద్రవ్యరాశి 1.989 × 10³⁰ కిలోలు, వ్యాసార్థం 6,95,700 కిలోమీటర్లు. అంటే మన నక్షత్రం వ్యాసార్థం 8,03,500 కి.మీ., ద్రవ్యరాశి 2.228 × 10³⁰ కిలోలు. రెంటిలోనూ సూర్యుడి కన్నా కాస్త పెద్దది, కాస్త వేడెక్కువ.

ఈ అంకెలూ ఊరికే రాలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు దూరపు నక్షత్రాల ముందు కొద్దిగా జరిగినట్టు కనిపిస్తాయి. యూరప్ పంపిన హిప్పార్కోస్, గయా ఉపగ్రహాలు ఆ జరుగుబాటును కొలిచి దూరం చెప్పాయి. దూరం తెలిస్తే, మనకు చేరే వెలుగును బట్టి నక్షత్రం మొత్తం ఎంత వెలుగు చిమ్ముతోందో తెలుస్తుంది. వర్ణపటం చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఆ రెండూ కలిపితే వ్యాసార్థం వస్తుంది. ద్రవ్యరాశి మాత్రం నక్షత్రాలు ఎలా పుట్టి ఎలా ముదురుతాయో చెప్పే సిద్ధాంతాల సాయంతో తేల్చిన అంకె. వేర్వేరు పరిశోధకుల పట్టికల్లో అది రెండో దశాంశం దగ్గర మారుతుంటుంది. మీరు ఏ పట్టిక ఎంచుకున్నా మూడు అంకెలూ ఒకే చోటి నుంచి తీసుకోండి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఏరి కలిపితే లెక్క పొసగదు.

రెండో మెట్టు: వెలుగు తగ్గడాన్ని పట్టుకోండి

ఈ గ్రహం కక్ష్య మనకు దాదాపు అంచు వైపు నుంచి కనిపిస్తుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ గ్రహం నక్షత్రానికి అడ్డంగా వెళ్తుంది. దీన్ని ట్రాన్సిట్ అంటారు. ఆ మూడు గంటలసేపు నక్షత్రం వెలుగు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. 1999 సెప్టెంబరు 9, 16 తేదీల్లో డేవిడ్ షార్బొనో, టిమోతీ బ్రౌన్ బృందం దీన్ని అమెరికాలోని కొలరాడో నుంచి పట్టుకుంది. వాడిన టెలిస్కోపు కటకం వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలే. అదే ఏడాది నవంబరులో గ్రెగరీ హెన్రీ బృందం కూడా విడిగా చూసింది. వేరే నక్షత్రం ముందు గ్రహం అడ్డుపోవడం మనిషి చూడటం అదే మొదలు. నాలుగు అంగుళాల టెలిస్కోపుతో అప్పట్లో అయిన పని, ఇప్పటి కెమెరాలతో హన్మకొండ డాబా మీద ఎందుకు కాదు?

*వెతకడం.* భాద్రా నక్షత్రాల చతురస్రం తెలిసినవాళ్లకు ఇది సులువు. పూర్వాభాద్ర నక్షత్రాలు రెండూ ఆ చతురస్రానికి పడమటి భుజం. అక్కడి నుంచి నైరుతి దిక్కుగా పోతే ఎనిఫ్ అనే కాస్త ఎర్రటి నక్షత్రం ఒంటరిగా వెలుగుతుంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఎనిఫ్ నుంచి ధ్రువ నక్షత్రం వైపు, కొద్దిగా తూర్పుకు ఒరిగి, ఒక పిడికిలి దూరం వెళ్లండి. ఆ చుట్టుపక్కలే ఉంటుంది. స్టెల్లేరియం యాప్‌లో నంబరు కొడితే చుట్టూ ఉన్న చిన్న నక్షత్రాల అమరిక చూపిస్తుంది. కెమెరా ఫొటోతో అమరిక కలిసిందని నిర్ధారించుకున్నాకే ముందుకు పొండి.

*సమయం.* గ్రహం ఒక చుట్టుకు 3.5247 రోజులు తీసుకుంటుంది. ఇక్కడ మనకు పనికొచ్చే చిన్న చిట్కా ఉంది. ఒక ట్రాన్సిట్ మనకు రాత్రి పడితే, దాని తర్వాతిది మూడున్నర రోజులకు పగటిపూట పోతుంది. ఆ తర్వాతిది 7 రోజుల 1 గంట 11 నిమిషాలకు వస్తుంది. అంటే ఈ శనివారం రాత్రి ఎనిమిదికి మొదలైతే వచ్చే శనివారం తొమ్మిదీ పదకొండుకు మొదలవుతుంది. కొన్ని వారాలకు అది తెల్లవారుజాములోకి జరిగిపోతుంది. షార్బొనో బృందం రెండు తేదీల మధ్య తేడా వారమే ఉండటానికి కారణం కూడా ఇదే. మొదటి తేదీ కోసం నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లోని ట్రాన్సిట్ సర్వీసులో వరంగల్ అక్షాంశం 18 ఉత్తరం, రేఖాంశం 79.6 తూర్పు ఇచ్చి చూసుకోండి. అంతర్జాతీయ సమయంలో ఇస్తే ఐదున్నర గంటలు కలపడం మరచిపోవద్దు.

*సీజన్.* జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులతోనే సరిపోతుంది. మనకు మంచి కాలం అక్టోబరు, నవంబరు. పండుగలూ ఆ రోజుల్లోనే వస్తాయి. సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల లైట్ల వెలుగులో ఒకటిన్నర శాతం తేడా పట్టడం కుదరదు, ఆ రాత్రి కెమెరా పక్కన పెట్టి బతుకమ్మ దగ్గరికే పోవడం మంచిది. దీపావళి పొగ మరీ మోసం. వెలుగును అది ఎగుడుదిగుడుగా మింగుతుంది, గ్రాఫులో ఎక్కడపడితే అక్కడ గుంటలు పడతాయి. పాఖాల, లక్నవరం వైపు చీకటి బాగుంటుంది కానీ అడవిలో రాత్రి ఉండటానికి అనుమతులు కావాలి. నర్సంపేట, ములుగు వైపు ఊళ్లలో చుట్టాల ఇంటి డాబా దొరికితే అదే మేలు. నిజానికి 7.65 మాగ్నిట్యూడ్ నక్షత్రానికి ఊరి వెలుగు అంత పెద్ద అడ్డంకి కాదు. పక్కింటి ఎల్‌ఈడీ బల్బు నేరుగా లెన్సులో పడకుండా చూసుకుంటే హన్మకొండలోనూ నడుస్తుంది.

*కెమెరా.* డీఎస్‌ఎల్‌ఆర్‌కు 200 మిల్లీమీటర్ల లెన్సు, లేదా నాలుగైదు అంగుళాల టెలిస్కోపు. రెంటికీ ఆకాశంతోపాటు తిరిగే ట్రాకింగ్ మౌంటు కావాలి. మామూలు ట్రైపాడ్ మీద ఇది కాదు. నడినెత్తి నక్షత్రం వల్ల ఒక లాభం, ఒక తిప్పలు ఉన్నాయి. లాభం ఏమిటంటే దాని వెలుగు అతి తక్కువ గాలి పొర దాటి వస్తుంది, మిణుకు తక్కువ. తిప్పలు మౌంటుకు. ఎడమ కుడి, పైకి కిందికి తిరిగే రకం మౌంటు నడినెత్తి దగ్గర పిచ్చెక్కినట్టు గిరగిరా తిరుగుతుంది, ఫొటోలో నక్షత్రాల అమరికా తిరిగిపోతుంది. ధ్రువ నక్షత్రం వైపు ఇరుసు పెట్టే ఈక్వటోరియల్ మౌంటే వాడండి. దానిలోనూ నక్షత్రం నడినెత్తి దాటేటప్పుడు టెలిస్కోపును రెండో వైపుకు తిప్పాల్సి రావచ్చు. ఆ తిప్పడం ట్రాన్సిట్ మొదలయ్యే క్షణంలో పడకుండా ముందే చూసుకోండి.

ఫొటోలు తీసేటప్పుడు ఫోకస్ కొంచెం చెడగొట్టండి. కావాలనే. పదునైన చుక్క నాలుగు పిక్సెల్స్ మీద పడి అవి నిండిపోతే కొలత చెడుతుంది. మసకబారిన చుక్క వెలుగు ఎక్కువ పిక్సెల్స్ మీద పరుచుకుని కొలత నిలకడగా ఉంటుంది. ఫైళ్లు రా ఫార్మాట్‌లోనే ఉండాలి, జేపెగ్ పనికిరాదు. ఐఎస్‌ఓ, ఎక్స్‌పోజర్ మొదట్లో పెట్టినవే చివరిదాకా ఉంచండి. ట్రాన్సిట్‌కు ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కూడా తీయాలి, లేకపోతే వెలుగు ఎక్కడి నుంచి తగ్గిందో తెలియదు. మొత్తం ఐదు గంటల పని. నవంబరులో అర్ధరాత్రి దాటితే లెన్సు మీద మంచు పడుతుంది కాబట్టి మధ్య మధ్యలో టార్చి కొట్టి చూసుకోండి, అదీ రెండు ఫొటోల మధ్య విరామంలో.

*కొలవడం.* ఆస్ట్రో ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి బాగుంటుంది. మన నక్షత్రం వెలుగును, అదే ఫొటోలో దాదాపు అంతే వెలుగున్న రెండు మూడు నక్షత్రాల వెలుగుతో భాగించాలి. పల్చటి మబ్బు వచ్చినా, పొగ వచ్చినా అన్నిటి మీదా సమానంగా పడుతుంది కాబట్టి భాగిస్తే చాలావరకు పోతుంది. ఒక్కో ఫొటోలో కొలత ఒక శాతం అటూ ఇటూ ఊగవచ్చు. ఇరవై ముప్పై ఫొటోల సగటు వేసి ఒక చుక్క పెట్టండి. అప్పుడు గ్రాఫులో చదునుగా వచ్చి, కిందికి దిగి, మూడు గంటల తర్వాత మళ్లీ పైకెక్కే గీత కనిపిస్తుంది.

గీత అడుగు గుండ్రంగా వస్తే ఆశ్చర్యపోకండి. నక్షత్రం బింబం మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా వెలుగుతుంది. గ్రహం మధ్యకు వచ్చినప్పుడు ఎక్కువ వెలుగును మూస్తుంది. అందుకే అడుగున లోతు 1.6 శాతం దాకా కనిపిస్తుంది. అంచుల మసకను లెక్కలోంచి తీసేస్తే మిగిలే అసలు లోతు 1.46 శాతం. సాఫ్ట్‌వేర్ ఆ సవరణ చేసిపెడుతుంది.

మూడో మెట్టు: వ్యాసార్థం

గ్రహం బింబం వైశాల్యం నక్షత్రం బింబం వైశాల్యంలో 1.46 శాతం. వైశాల్యం వ్యాసార్థం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వర్గమూలం తీయాలి.

√0.0146 = 0.1208
0.1208 × 8,03,500 = సుమారు 97,000 కి.మీ.

మన బృహస్పతి మధ్యరేఖ దగ్గరి వ్యాసార్థం 71,492 కి.మీ. ఈ గ్రహం దానికి 1.36 రెట్లు, భూమికి 15 రెట్లకు పైగా. సవరణ లేకుండా 1.6 శాతాన్నే వాడి చూడండి, వ్యాసార్థం ఐదు శాతం దాకా ఉబ్బుతుంది.

నాలుగో మెట్టు: కక్ష్య

కెప్లర్ మూడో నియమం. ఆవర్తన కాలాన్ని సంవత్సరాల్లో, నక్షత్రం ద్రవ్యరాశిని సూర్యుళ్లలో పెడితే దూరం నేరుగా భూమి–సూర్యుల దూరం లెక్కన వస్తుంది.

3.5247 ÷ 365.25 = 0.00965
0.00965 వర్గం × 1.12 = 0.0001043
దీని ఘనమూలం = 0.0471

0.0471ని 14.96 కోట్ల కిలోమీటర్లతో గుణిస్తే సుమారు 70.4 లక్షల కిలోమీటర్లు. బుధుడు సూర్యుడికి సగటున 579 లక్షల కి.మీ. దూరంలో ఉంటాడు. అందులో ఎనిమిదో వంతు దూరంలో, బృహస్పతి కన్నా పెద్ద గ్రహం! 1995లో మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ ఇలాంటి మొదటి గ్రహాన్ని 51 పెగసీ నక్షత్రం దగ్గర ప్రకటించినప్పుడు చాలామంది నమ్మలేకపోయింది ఇందుకే. అలాంటి గ్రహాలు నిజమేనా అన్న అనుమానాన్ని తీర్చింది మన హెచ్‌డి 209458 ట్రాన్సిట్. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది.

ఐదో మెట్టు: గ్రహాన్ని తూచడం

ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు పిల్లల్లో ఒకరు లావుగా, ఇంకొకరు సన్నగా ఉంటే ఏమవుతుందో గుర్తుందిగా. సన్నపిల్ల పెద్ద చుట్టులో ఎగిరిపోతూ తిరుగుతుంది, లావుపిల్ల దాదాపు ఉన్నచోటే చిన్న చుట్టు తిరుగుతుంది, కానీ కదలకుండా మాత్రం ఉండదు. నక్షత్రమూ అంతే. గ్రహం లాగుడుకు అదీ చిన్న చుట్టు తిరుగుతుంది. ఇద్దరి ద్రవ్యవేగాలు సమానం: నక్షత్రం ద్రవ్యరాశి × దాని వేగం = గ్రహం ద్రవ్యరాశి × దాని వేగం. ఇందులో మూడు తెలిస్తే నాలుగోది వస్తుంది.

గ్రహం వేగం మనకు ఇప్పటికే చేతిలో ఉంది. కక్ష్య చుట్టుకొలతను కాలంతో భాగించాలి. 3.5247 రోజులంటే సుమారు 3,04,500 సెకన్లు.

2 × 3.1416 × 70.4 లక్షల కి.మీ. ÷ 3,04,500 = సెకనుకు 145 కి.మీ.

నక్షత్రం వేగం మాత్రం మన డాబా మీద దొరకదు. దానికి వర్ణపటంలో నల్లగీతలు ఎంత జరిగాయో చూడాలి. నక్షత్రం మన వైపు వస్తే గీతలు నీలం వైపు, దూరం పోతే ఎరుపు వైపు జరుగుతాయి. హవాయిలోని కెక్, ఫ్రాన్స్‌లోని ఓత్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీల్లో కొలిచారు. సెకనుకు 84.7 మీటర్లు. రేసు కారు గట్టిగా పోతే అందుకునే వేగమే, కానీ కాంతి వేగంతో పోలిస్తే ముప్పై అయిదు లక్షల్లో ఒక వంతు. సోడియం పసుపు గీత తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. అందులో జరిగేది 0.00017 నానోమీటర్లు. మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్ల 'పరాస్' స్పెక్ట్రోగ్రాఫ్ ఇలాగే నక్షత్రాల ఊగిసలాటను కొలిచి కొత్త గ్రహాలను పట్టుకుంది.

ఇక లెక్క.

84.7 ÷ 1,45,000 = 0.000584
0.000584 × 2.228 × 10³⁰ = 1.30 × 10²⁷ కిలోలు

బృహస్పతి 1.898 × 10²⁷ కిలోలు. ఈ గ్రహం అందులో 0.68 వంతు, భూమికి 217 రెట్లు. కక్ష్య పూర్తిగా అంచు వైపు నుంచి కాకుండా మూడు డిగ్రీలు ఒరిగి ఉంటుంది. దానివల్ల తేడా అర శాతం కూడా రాదు, వదిలేయండి.

గ్రహం వేగం 145 అని మనం కెప్లర్‌ను నమ్మి రాశాం. అది నిజమేనా? 2010లో ఇగ్నాస్ స్నెల్లెన్ బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో గ్రహం గాలిలోని కార్బన్ మోనాక్సైడ్ గీతల కదలికను నేరుగా పట్టుకుని 140 అని చెప్పింది, పది అటూ ఇటూగా. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన అంకె ఇదే. కాగితం మీద వేసిన వేగానికి వేరే దారిలో సాక్ష్యం దొరికింది.

ఆరో మెట్టు: సాంద్రత, గురుత్వం

ఘనపరిమాణం = 4/3 × 3.1416 × (9.7 × 10⁷ మీటర్లు) ఘనం = 3.82 × 10²⁴ ఘన మీటర్లు.
1.30 × 10²⁷ ÷ 3.82 × 10²⁴ = ఘన మీటరుకు 340 కిలోలు.

నీరు 1,000. శని 687, మన సౌర కుటుంబంలో అదే అన్నిటికన్నా తేలిక. ఇది శనిలో సగం. బృహస్పతి కన్నా తక్కువ పదార్థంతో బృహస్పతి కన్నా పెద్దగా ఉబ్బి ఉంది. నక్షత్రం వేడి పైనుంచి తగిలితే కొంత ఉబ్బుతుంది కానీ ఇంత ఉబ్బదు. లోపలికి అదనపు వేడి ఏ దారిలో చేరుతోందన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్న విషయం.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. నక్షత్రం వ్యాసార్థంలో 4 శాతం తేడా వస్తే గ్రహం వ్యాసార్థంలోనూ 4 శాతమే. కానీ సాంద్రతలో వ్యాసార్థం ఘనం ఉంది కాబట్టి తేడా 12 శాతం అవుతుంది. పట్టికల్లో ఒకరు నీటిలో 0.34 వంతని, ఇంకొకరు 0.37 వంతని రాస్తే కంగారు పడకుండా, ఇద్దరూ నక్షత్రానికి ఏ సైజు పెట్టారో చూడండి.

గురుత్వ త్వరణం జీఎం బై ఆర్ వర్గం. 6.674 × 10⁻¹¹ × 1.30 × 10²⁷ ÷ (9.7 × 10⁷) వర్గం = 9.2. భూమి మీద 9.8! భూమికి 217 రెట్లు బరువున్న గ్రహం మీద మనిషి భూమి మీదకన్నా కాస్త తక్కువే తూగుతాడు. నిలబడటానికి నేల లేదనుకోండి, అది వేరే సంగతి. బృహస్పతి మీద ఇదే అంకె 24.8.

అంతా నక్షత్రం మీదే ఆధారపడుతుందని మొదట్లో అన్నాను కదా. గురుత్వం ఆ మాటకు మినహాయింపు. 2007లో జాన్ సౌత్‌వర్త్ బృందం చూపిన దారి ఇది. ట్రాన్సిట్ ఎంతసేపు సాగింది, గీత ఎంత నిటారుగా దిగింది అన్నదాన్ని బట్టి కక్ష్య నక్షత్రం వ్యాసార్థానికి 8.76 రెట్లని గ్రాఫే చెప్తుంది. గ్రహం వ్యాసార్థం నక్షత్రం వ్యాసార్థంలో 0.1208 వంతు. దాన్ని 8.76తో భాగిస్తే గ్రహం వ్యాసార్థం కక్ష్య దూరంలో 0.0138 వంతు. ఇప్పుడు:

2 × 3.1416 × 84.7 ÷ (3,04,500 × 0.0138 వర్గం) = 9.2

నక్షత్రం ద్రవ్యరాశి, వ్యాసార్థం ఎక్కడా రాలేదు, జవాబు అదే వచ్చింది. రెండు దారుల్లో వేర్వేరు జవాబులొస్తే మీరు మొదటి మెట్టులో రాసుకున్న ద్రవ్యరాశికీ వ్యాసార్థానికీ పొంతన లేదని అర్థం.

ఏడో మెట్టు: వేడి

నక్షత్రం వ్యాసార్థాన్ని దూరానికి రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీసి, నక్షత్రం ఉష్ణోగ్రతతో గుణించండి.

√(1 ÷ (2 × 8.76)) × 6,065 = సుమారు 1,450 కెల్విన్

అంటే 1,175 డిగ్రీల సెల్సియస్. పెంబర్తి ఇత్తడే కాదు, రాగి కూడా కరిగిపోతుంది. భూమి మీద ఒక చదరపు మీటరుకు అందే వెలుగుకు ఏడు వందల రెట్లకు పైగా అక్కడ అందుతుంది. ఈ సూత్రం గ్రహం ఏ వెలుగునూ తిప్పికొట్టదని, వేడిని చుట్టూ సమంగా పంచుకుంటుందని అనుకుంటుంది. మొదటిది మరీ తప్పు ఊహ కాదు, కెనడా 'మోస్ట్' ఉపగ్రహం చూసినప్పుడు ఈ గ్రహం బాగా నల్లగానే తేలింది. రెండోది కొంతవరకే నిజం. ఇంత దగ్గరగా తిరిగే గ్రహానికి చంద్రుడిలా ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు ఉంటుందని అంచనా. ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే.

సూత్రం మీద నమ్మకం కుదరకపోతే భూమికి వేసి చూడండి. 5,772 కెల్విన్, 215 రెట్ల దూరం. 278 కెల్విన్ వస్తుంది, అంటే 5 డిగ్రీలు. మే నెలలో రామగుండంలో ఉన్నవాళ్లు ఈ అంకెను ఒప్పుకోరు కానీ భూమి మొత్తం సగటు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మబ్బుల మెరుపు కొంత తీసేస్తే, గాలి దుప్పటి అంతకన్నా ఎక్కువ కలుపుతుంది.

ఎనిమిదో మెట్టు: గాలి పొర

గాలి ఎంత ఎత్తుకు పోతే సుమారు 2.7 రెట్లు పల్చబడుతుందో ఆ ఎత్తును స్కేల్ హైట్ అంటారు. బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రతను, ఒక అణువు ద్రవ్యరాశి × గురుత్వంతో భాగించాలి. గ్రహం గాలి ఎక్కువగా హైడ్రోజన్, కొంత హీలియం. సగటు అణువు బరువు 2.3 పరమాణు ప్రమాణాలు.

1.381 × 10⁻²³ × 1,450 ÷ (2.3 × 1.661 × 10⁻²⁷ × 9.2) = సుమారు 5,70,000 మీటర్లు

570 కిలోమీటర్లు. భూమి మీద ఇది ఎనిమిదిన్నర. వేడి ఎక్కువ, అణువు తేలిక, గురుత్వం తక్కువ, మూడూ ఒకే వైపు లాగాయి. ఇంత ఉబ్బిన గాలి కాబట్టే నక్షత్రం వెలుగు దాని అంచులోంచి వడకట్టుకుని వస్తుంది, ఆ వెలుగులో గాలి ఆనవాళ్లు మిగులుతాయి. ఎంత మిగులుతాయో కూడా వేయొచ్చు. గ్రహం చుట్టూ 570 కి.మీ. వెడల్పు వలయం నక్షత్రం బింబంలో ఎంత వంతు?

2 × 97,000 × 570 ÷ 8,03,500 వర్గం = 0.00017, అంటే 0.017 శాతం.

2001లో షార్బొనో బృందం హబుల్‌తో సోడియం గీత దగ్గర వెలుగు అదనంగా 0.023 శాతం తగ్గిందని ప్రకటించింది. ఒకటిన్నర స్కేల్ హైట్ల కన్నా తక్కువ. పరాయి నక్షత్రం గ్రహం మీది గాలిని మనిషి గుర్తించడం అదే మొదటిసారి. మన కాలిక్యులేటర్ అంకె, హబుల్ అంకె ఒకే స్థాయిలో ఉండటం గమనించండి. డాబా మీది కెమెరాకు మాత్రం ఇది అందదు, దాని నిలకడ దీనికి పదుల రెట్లు దూరంలో ఆగిపోతుంది.

2003లో ఆల్ఫ్రెడ్ విడాల్-మాజర్ బృందం అతినీలలోహిత కాంతిలో చూస్తే వెలుగు 15 శాతం దాకా తగ్గింది. గ్రహం కన్నా చాలా పెద్దదైన హైడ్రోజన్ మబ్బు దాన్ని చుట్టుకుని ఉంది, గ్రహం నుంచి తప్పించుకుని పోతోంది. సెకనుకు కనీసం పదివేల టన్నులని వాళ్ల అంచనా. వార్తల్లో అప్పుడు "ఆవిరైపోతున్న గ్రహం" అని రాశారు. లెక్క వేసి చూడండి. పదివేల టన్నులంటే కోటి కిలోలు. ఐదు వందల కోట్ల ఏళ్లకు 1.6 × 10²⁴ కిలోలు. గ్రహం మొత్తం 1.30 × 10²⁷. పోయేది 0.12 శాతం. ఆ కనీస అంచనా పది రెట్లు పెరిగినా గ్రహానికి పెద్దగా ఏమీ కాదు.

చేతితో చేసి చూడటానికి ఇంకొకటి

ఇదే పద్ధతి 51 పెగసీ బి మీద పెట్టండి. ఆ నక్షత్రం పూర్వాభాద్ర రెండు నక్షత్రాల మధ్య గీతకు కొద్దిగా పడమర, మాగ్నిట్యూడ్ 5.5. నల్లటి రాత్రి కంటికే కనిపిస్తుంది. ఆవర్తన కాలం 4.2308 రోజులు, నక్షత్రం ద్రవ్యరాశి సూర్యుడికి 1.11 రెట్లు, దాని ఊగిసలాట సెకనుకు 55.9 మీటర్లు. నాలుగో, ఐదో మెట్లు ఎక్కితే కక్ష్య 0.053, గ్రహం వేగం 136 కి.మీ., ద్రవ్యరాశి బృహస్పతిలో 0.48 వంతు రావాలి. అది కనీస ద్రవ్యరాశి. ఈ గ్రహం మనకు ట్రాన్సిట్ చూపించదు కాబట్టి కక్ష్య ఎంత ఒరిగిందో ట్రాన్సిట్ గ్రాఫు నుంచి తెలియదు, ఒరిగినకొద్దీ అసలు ద్రవ్యరాశి పెరుగుతుంది. వ్యాసార్థం, సాంద్రత, గురుత్వం గడులు ఖాళీగా వదిలేసి, ఏడో మెట్టులో వేడి మాత్రం వేసుకోండి. దానికి కావలసినవి నక్షత్రం వ్యాసార్థం, ఉష్ణోగ్రత, కక్ష్య దూరం మాత్రమే.